పక్క చాప మీంచి నడి వేదిక మీదికి...

నల్లబల్ల మీద రాసింది కనపడదు. పుస్తకంలో అక్షరాలు అలికేసినట్టుంటాయి. చూపు సరిగా లేదంటూ ఆ పిల్లాణ్ని బడి నుంచి పంపేశారు. చదువు అబ్బని పిల్లాడి గతేమిటని ఇంట్లో దిగులు. ఇంట్లో అన్నయ్య దగ్గర ఒక ఫిడేలుంది. తమ్ముడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దానికి కళ్లతో పనిలేదు. చెవులుంటే చాలు.

ఆ పిల్లాడి పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. దక్షిణాదిన ఫిడేలు అనగానే ముందు గుర్తొచ్చే పేర్లలో ఒకటి. 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. తండ్రిది సైన్యంలో ఉద్యోగం. పెరిగిందంతా విశాఖపట్నంలో. అన్న వెంకటకృష్ణయ్యే తొలి గురువు. ఆ తరవాత ఆయన ఎక్కని వేదిక లేదు, అందుకోని గౌరవం లేదు. అయితే ఈ కథలో అసలు సంగతి అవార్డులు కాదు. కచేరీలో ఫిడేలు విద్వాంసుడు ఎక్కడ కూర్చోవాలన్నది!

ఇదేం పెద్ద విషయమనుకోకండి. కచేరీ వేదిక మీద ఎవరు మధ్యలో కూర్చుంటారు, ఎవరు పక్కన కూర్చుంటారు అన్నదాన్ని బట్టే గోడపత్రిక మీద పేరు సైజు మారుతుంది. పారితోషికం మారుతుంది. పాటల్ని ఎంచుకునే హక్కూ మారుతుంది. ఫిడేలును అన్నాళ్లూ అందరూ 'పక్కవాద్యం' అన్నారు. పేరులోనే ఉంది, దాని చోటు పక్కన అని.

దొరల వాద్యం... మన రాగం

ముందు అసలు ఫిడేలు మన సంగీతంలోకి ఎలా వచ్చిందో చూద్దాం. ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ (1786-1858) మద్రాసులో ఇంగ్లిషువాళ్ల బ్యాండు విన్నారు. అందులో ఈ వాద్యం ఆయన్ని పట్టేసింది. ఐరోపా పద్ధతిలో దాన్ని నేర్చుకుని, కర్ణాటక సంగీతానికి తగ్గట్టు మలచుకున్నారు. తంజావూరు సోదరుల్లో ఒకరైన వడివేలు దీన్ని ఎంత బాగా వాయించేవారంటే... తిరువాన్కూరు రాజు స్వాతి తిరునాళ్ 1834లో ఆయనకు దంతపు ఫిడేలు బహూకరించారు.

వచ్చింది పడమటి నుంచే అయినా మనవాళ్లు దాన్ని అలాగే ఉంచలేదు. వాళ్లు నిలబడి గడ్డం కింద అదిమిపట్టి వాయిస్తారు. మనవాళ్లు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫిడేలు ఒక కొసను ఛాతీకి, రెండో కొసను కుడి పాదానికి ఆనిస్తారు. చూడ్డానికి ఇది చిన్న మార్పే. కానీ దీనివల్ల ఎడమచేతికి వాద్యాన్ని మోసే పని తప్పింది. వేళ్లు తీగ మీద పైకీ కిందికీ ఇష్టం వచ్చినట్టు జారొచ్చు. ఆ జారుడులోనే ఉంది మన సంగీతం ప్రాణం. గమకం అంటే అదే. తీగల్ని కట్టే తీరూ మారింది. మంద్ర షడ్జమం, మంద్ర పంచమం, మధ్య షడ్జమం, మధ్య పంచమం... అంటే స-ప-స-ప అన్నమాట.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు భజన అంటే హార్మోనియం ఉండాల్సిందే. బీర్పూర్ నరసింహస్వామి సన్నిధైనా, ధర్మపురి గుడైనా ఆ పెట్టె మోతకు మన చెవులు అలవాటు పడిపోయాయి. హార్మోనియంలో ఒక్కో స్వరానికి ఒక్కో మెట్టు. మెట్టుకూ మెట్టుకూ మధ్యనున్న చోటులో అది పలకలేదు. ఫిడేలుకు మెట్లే లేవు. గొంతు ఎక్కడెక్కడ తిరుగుతుందో అక్కడికల్లా వేలు వెళ్తుంది. ఈ తేడా కారణంగానే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని గడప బయట నిలబెట్టింది. 1971 దాకా లోపలికి రానివ్వలేదు. మన భజన మండళ్లు మాత్రం ఆ నిషేధాన్ని ఏమాత్రం పట్టించుకోలేదు. అది వేరే కథ!

గొంతును ఇంత దగ్గరగా అనుసరించే వాద్యం కావడమే ఫిడేలుకు వరమైంది. శాపమూ అదే. పాటగాడికి తోడుగా ఇంతకన్నా మంచిది దొరకదు కాబట్టి, తోడుగానే ఉండిపొమ్మన్నారు.

నీడ పని

పక్కవాద్యం వాయించడమంటే ఏమిటో బయటి నుంచి చూసేవాళ్లకు అంతగా తెలీదు. పాడే ఆయన ఇవాళ ఏ కీర్తన ఎత్తుకుంటాడో ఫిడేలు విద్వాంసుడికి చాలాసార్లు ముందుగా తెలియదు. రిహార్సల్ అనే మాటే ఉండదు. వేదిక మీద కూర్చున్నాక, గాయకుడు రాగం అందుకోగానే రెండు పలుకుల్లో అదేమిటో పట్టుకోవాలి. ఆయన ఆలాపన చేస్తున్నంతసేపూ అరడుగు వెనక నీడలా నడవాలి. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఆ ఆఖరి స్వరాన్ని పట్టి నిలపాలి. అక్కడ ఖాళీ తెలియకూడదు.

ఆలాపన అయ్యాక ఫిడేలుకు వంతు వస్తుంది. అప్పుడు కూడా కొలత ఉంది. గాయకుడు పది నిమిషాలు పాడితే తను పదిహేను నిమిషాలు వాయించకూడదు. కాస్త తగ్గించుకోవడం మర్యాద. స్వరకల్పనలో ఆయన ఒక ఆవర్తనం పాడితే అంతే కొలతలో బదులివ్వాలి. మరీ చప్పగా ఇస్తే చేతకాలేదంటారు. మరీ గొప్పగా ఇస్తే పాటగాణ్ని మింగేస్తున్నాడంటారు. మృదంగం తని ఆవర్తనం మొదలుకాగానే కమాను ఒళ్లో పెట్టుకుని తాళం వేస్తూ కూర్చోవాలి. ఇవాళ ఒకటో శ్రుతిలో పాడే మగవారికి వాయిస్తే, రేపు ఐదో శ్రుతిలో పాడే ఆడవారికి. ప్రతిసారీ తీగలు సరిచేసుకోవాలి, వేళ్లు కొత్త కొలతకు అలవాటు పడాలి.

ఇంత విద్య ఉండీ ఇంత ఒదిగి ఉండాల్సిన పని మరొకటి ఉందా అనిపిస్తుంది. నాయుడుగారు ఈ పనిలో కూడా ఆరితేరినవారే. ఉద్దండులైన గాయకుల పక్కన కూర్చుని వాయించారు. అయితే ఆయన ఉన్నట్టుండి లేచి మధ్యలో కూర్చోలేదు. దానికి ముందు విజయనగరంలో ఒక నెలజీతం ఉంది.

విద్యార్థిగా వెళ్లి...

1919లో విజయనగరం మహారాజు విజయరామ గజపతి ఒక సంగీత కళాశాల పెట్టారు. ఆస్థానంలో పనిచేసే ఒకరి కొడుక్కి చూపు లేదు. అతనికి సంగీతం చెప్పించాలన్న ఆలోచనే పెరిగి కళాశాల అయిందని చెబుతారు. తొలి ప్రిన్సిపాల్‌ ఎవరో తెలుసుగా... హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు!

ఇరవై ఆరేళ్ల వెంకటస్వామి నాయుడు అక్కడ చేరడానికి వెళ్లారు. విద్యార్థిగా! ఏదీ వాయించమన్నారు దాసుగారు. విన్నారు. ఇతనికి ఇక్కడ నేర్పేదేం లేదు, ఇతనే నేర్పాలని తేల్చి అధ్యాపకుడిగా తీసుకున్నారని విజయనగరంలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. మాటలు అటూ ఇటూ అయి ఉండొచ్చుగానీ, ఆ ఏడాదే ఆయన అక్కడ వయొలిన్‌ ఆచార్యుడైన మాట నిజం. చూపు లేదని ఒక బడి వద్దంది. చూపులేని పిల్లాడి కోసం పుట్టిన మరో బడి పిలిచి కూర్చోబెట్టింది.

1936లో దాసుగారి తరవాత నాయుడుగారే ప్రిన్సిపాల్‌ అయ్యారు. ఈ ఉద్యోగాన్ని చాలామంది ఆయన జీవితంలో ఒక మజిలీగా చెప్పి దాటేస్తారు. నాకు మాత్రం అసలు తాళంచెవి ఇక్కడే ఉందనిపిస్తుంది. కచేరీల మీదే బతికే పక్కవాద్య కళాకారుడు గాయకుల పిలుపు కోసం ఎదురుచూడాలి. వాళ్లకు నచ్చకుండా వాయిస్తే మరుసటి కచేరీ ఉండదు. నెలనెలా జీతం వచ్చే అధ్యాపకుడికి ఆ భయం లేదు. రోజూ గంటల తరబడి సాధన చేసుకోవచ్చు. పిల్లలకు చెబుతూ చెబుతూ ఒక్కో రాగాన్ని విప్పి చూసుకోవచ్చు. పడమటివాళ్లు కమానును ఎలా నడిపిస్తారో గమనించి, అందులోని మంచిని తన చేతికి తెచ్చుకోవచ్చు. ఆయన ఆ పని చేశారు. కమాను మార్చినట్టే తెలియని ఆ పొడుగాటి నాదం అలా వచ్చిందే.

అప్పట్లో ఫిడేలు గొంతు సభలో వెనక వరస దాకా వినపడేది కాదు. మైకులు అప్పుడప్పుడే వస్తున్నాయి. దీనికి మైసూరు టి.చౌడయ్య (1895-1967) ఒక దారి వెతికారు. నాలుగు తీగలకు మరో మూడు చేర్చి ఏడు తీగల ఫిడేలు చేయించుకున్నారు. నాయుడుగారు నాలుగింటినే నమ్ముకున్నారు. శబ్దం పెంచడం కన్నా నాదం శుద్ధి చేసుకోవడం మీదే ఆయన దృష్టి. ఇద్దరిలో ఎవరిది సరైన దారంటే చెప్పలేం. ఇద్దరూ గొప్పవాళ్లే. కాకపోతే ఇవాళ పిల్లలు నేర్చుకుంటున్నది నాలుగు తీగల మీదే.

వేలూరులో ఒక సాయంత్రం

1938. తమిళనాట వేలూరు. వేదిక మీద గాయకుడు లేడు. ఆ స్థానంలో ద్వారం వెంకటస్వామి నాయుడు. ఫిడేలుతో పూర్తిస్థాయి సోలో కచేరీ! ఈ పద్ధతికి ఆద్యుడిగా సంగీత లోకం ఆయన్నే చెప్పుకుంటుంది.

ఇందులో కష్టమేమిటంటే... పాటకు మాటలుంటాయి. త్యాగరాజు కీర్తన పాడుతుంటే రాగం గురించి ఏమీ తెలియనివాడు కూడా మాటల్ని పట్టుకుని వెంట వస్తాడు. ఫిడేలుకు మాటల్లేవు. రెండు మూడు గంటలపాటు మాట అనేది లేకుండా జనాన్ని కూర్చోబెట్టాలి. పైగా తోడు నడిచే నీడ కూడా లేదు. ఇన్నాళ్లూ గాయకుడి ఖాళీల్ని తను నింపాడు. ఇప్పుడు తన ఖాళీల్ని తనే నింపుకోవాలి. అందుకే నాయుడుగారు కమానును గొంతులా వాడారు. సాహిత్యంలో మాట ఎక్కడ విరుగుతుందో కమాను అక్కడే విరుగుతుంది. దీర్ఘం ఉన్నచోట సాగుతుంది. కీర్తన తెలిసినవాళ్లకు తీగ మీద అక్షరాలు వినపడేవి. దీన్నే విద్వాంసులు గాత్రధర్మం అంటారు.

మూడేళ్లు తిరక్కుండానే, 1941లో మద్రాసు మ్యూజిక్‌ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి గౌరవాన్నిచ్చింది. కర్ణాటక సంగీతంలో ఇంతకన్నా పెద్దపీట లేదు. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వరసగా వచ్చాయి. ఇంటింటికీ వెళ్లింది మాత్రం గ్రామఫోన్‌ రికార్డులే. ఒక్కో వైపు మూడు నిమిషాలు. గంటసేపు సాగాల్సిన రాగాన్ని మూడు నిమిషాల్లో ముగించి, అయినా తొందరపడినట్టు కనపడకపోవడం కూడా ఒక విద్యే.

1952లో ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్‌ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్‌ మన దేశానికి వచ్చారు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న తెలుగువారు పాకాల వెంకట రాజమన్నార్‌ ఇంట్లో ఆయన నాయుడుగారి వాద్యం విన్నారు. మెచ్చుకున్నారు. ఒకే వాద్యం. ఒకరిది గడ్డం కింద, మరొకరిది పాదం మీద. ఆ ఏడాదే ఢిల్లీలో, నేషనల్‌ ఫిజికల్‌ లేబరేటరీ ఆడిటోరియంలో నాయుడుగారు ఒక కచేరీ చేశారు. అంధుల సహాయార్థం.

ఇంట్లో ఫిడేలు ఉంటే...

నాయుడుగారి కళాశాల విజయనగరాన్ని ఫిడేళ్ల ఊరుగా మార్చింది. ఘంటసాల, పి.సుశీల అక్కడే చదివారు. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చిన సత్యనారాయణ ఫిడేలు చదివి తరవాత గాత్రంలో దిగ్గజాలయ్యారు. ద్వారం వారింట్లోనే కూతురు మంగతాయారు, భావనారాయణరావు, నరసింగరావు ఆ విద్యను ముందుకు తీసుకెళ్లారు.

ఆ ఊళ్లో ఫిడేలు మధ్యతరగతి ఇళ్లలోకీ వెళ్లింది. కానీ ఇంట్లో దాని స్థానమేమిటి? విజయనగరం వాడే అయిన చాగంటి సోమయాజులు, అదే మన చాసో, 'వాయులీనం' అని ఒక కథ రాశారు. అందులో ఇల్లాలి జబ్బుకు వైద్యం చేయించడానికి ఆమె ఫిడేలే అమ్ముడుపోతుంది. కచేరీ చేసేవారి సంగతి సరే. నేర్చుకుని పెళ్లయ్యాక వాయించడం మానేసినవాళ్ల ఫిడేళ్లు ఎన్ని పెట్టెల్లో ఉండిపోయాయో! ఆడపిల్లకు సంగీతం చెప్పించేది పెళ్లిచూపుల్లో ఒక పాట కోసమే అయిన రోజులవి.

మగవాళ్లకైనా కచేరీలతో ఇల్లు గడవడం కష్టమే. ఇక్కడే రేడియో ఆదుకుంది. 1948 డిసెంబరులో ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో 1926లో పుట్టిన అన్నవరపు రామస్వామి ఆ ఏడాదే అందులో చేరి 1986 దాకా పనిచేశారు. ఆయన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడు. మంగళంపల్లి బాలమురళీకృష్ణకూ ఆ పంతులుగారే గురువు. నాయుడుగారికి కళాశాల ఎలాగో రామస్వామికి రేడియో అలాగ. నెల తిరిగేసరికి జీతం. ఆ ధైర్యంతోనే ఆయన కొత్త రాగాలు, కొత్త తాళాలు కట్టారు. వందన, శ్రీదుర్గ అలా పుట్టిన రాగాలే. 2021లో తొంభై అయిదేళ్ల వయసులో పద్మశ్రీ వచ్చింది.

మన పల్లెలకు ఫిడేలు చేరింది కూడా ఆ రేడియో మీదే. పొద్దున్నే భక్తిరంజని వస్తుంటే పాట వెనక సన్నగా సాగే ఆ తీగ ఎవరిదో ఎవరికీ తెలిసేది కాదు. గాయకుడి పేరు గుర్తుంటుంది. మిగతావాళ్ల పేర్లు అనౌన్సరు చదివేలోగా మనం పొయ్యి దగ్గరికో పొలం దగ్గరికో వెళ్లిపోయేవాళ్లం.

పక్కన కూర్చోవడానికీ పోరాటమే

మగవాళ్ల బాధ మధ్యలో కూర్చోలేకపోవడం. ఆడవాళ్లకు పక్క చాప కూడా సులువుగా దొరకలేదు. ఆడవాళ్లు ఫిడేలు వాయిస్తామంటే తమ పక్కన వద్దనే గాయకులు చాలాకాలం ఉన్నారు. స్త్రీ స్వరకల్పనలో ఎదురు నిలిచి బదులిస్తే చిన్నతనమనుకునేవారు. ఇది పైకి చెప్పే కారణం కాదు. తేదీ కుదరలేదనో, ఇంకెవరినో అనుకున్నామనో చెప్పేవారు.

ఈ గోడను దాటినవారిలో అవసరాల కన్యాకుమారి ఒకరు. పుట్టింది విజయనగరంలోనే. మొదట ఇవటూరి విజయేశ్వరరావు దగ్గర నేర్చుకున్నారు. తరవాత మద్రాసులో ఎం.చంద్రశేఖరన్‌ దగ్గర. చంద్రశేఖరన్‌ పసితనంలోనే చూపు పోగొట్టుకున్న విద్వాంసుడు. ద్వారం వారి కథ మొదలైన చోటే మరోసారి నిలబడ్డట్టుంటుంది ఇక్కడ! మూడో గురువు గాయని ఎం.ఎల్‌.వసంతకుమారి. శిష్యురాలిని ఆవిడ పక్కవాద్యంగా వేదిక ఎక్కించారు. దేశదేశాలు తిప్పారు. ఎన్నో ఏళ్లపాటు ఎమ్మెల్వీ కచేరీ అంటే పక్కన కన్యాకుమారి ఉండాల్సిందే.

ఆ తరవాత ఆవిడ పక్కనే ఆగిపోలేదు. సోలో కచేరీలు చేశారు. కద్రి గోపాల్‌నాథ్‌ శాక్సఫోన్‌తో కలిసి ఊరూరా జంటగా వాయించారు. శాక్సఫోన్‌ హోరెక్కువ వాద్యం. దాని పక్కన ఫిడేలు మునిగిపోకుండా వినపడిందంటే అది మైకు గొప్పతనం మాత్రమే కాదు. ఫిడేలు, వీణ, నాదస్వరం కలిపి 'వాద్యలహరి' అని కొత్త కూర్పు చేశారు. గుడి బయట మోగే నాదస్వరం, గదిలో మోగే వీణ ఒకే వేదిక మీద! రెండింటి మధ్యా వారధి ఫిడేలే.

2015లో కన్యాకుమారికి పద్మశ్రీ వచ్చింది. 2016లో మద్రాసు మ్యూజిక్‌ అకాడమీ సంగీత కళానిధిగా ఎంపిక చేసింది. ఫిడేలు వాయించే స్త్రీకి ఆ పీట వేయడం అకాడమీ చరిత్రలో అదే మొదటిసారి. నాయుడుగారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. 1993లో శతజయంతికి తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. విశాఖలో ఆయన పేరుతో కళాక్షేత్రం ఉంది.

విజయనగరం ఫిడేలుకు అకాడమీ 1941లో ఒకసారి తలవంచింది. అదే ఊరి ఆడపిల్ల చేతిలోని ఫిడేలుకు మళ్లీ తలవంచడానికి డెబ్బై అయిదేళ్లు పట్టింది.